ముందు టక్, తర్వాత టిక్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. మా ఆయనకు మాత్రం అది వినిపించదు. పెళ్లి కాకముందు నుంచీ ఆయన పని కొలిమి షెడ్డులో. ఎర్రగా కాలిన ఉక్కు కడ్డీని అచ్చులో పెడితే యంత్రపు సమ్మెట దబ్బున పడుతుంది, రివాల్వర్ చట్రం ముతకగా బయటికొస్తుంది. ఆ దెబ్బలకు చట్రాలు రూపం తేలాయి, ఆయన చెవులు మూతపడ్డాయి.

ఇప్పుడు నడుము కూడా మొరాయించింది. కొలిమి దగ్గర నిలబడలేరు. మేస్త్రీ దయతలచి మా ఫిట్టింగ్ గదిలో ఒక అవకాశం ఇచ్చాడు. శనివారం ఒక రివాల్వర్‌ని సొంతంగా బిగించి చూపించాలి, లేకపోతే ఇంటికే. చేతిలో పని లేకుండా కిటికీ దగ్గర కూర్చున్న ఆ మనిషిని నేను ఊహించుకోలేకపోయాను.

నేర్పే బాధ్యత నా నెత్తిన పడింది. మా బల్ల మీదికి వచ్చేసరికి యంత్రాలు చట్రాన్ని చెక్కి, గొట్టం లోపల మెలికల గాడులు కోసి, సిలిండర్‌లో ఆరు తూటా గదులు తొలిచి పంపుతాయి. మిగిలింది ఆకురాయి పని. తూటాను కొట్టే హ్యామర్‌ని బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగితే లోపలి కొక్కెం సిలిండర్‌ని ఒక గది మేర తిప్పుతుంది. సిలిండర్‌కి గొళ్లెం పడితే ‘టక్’. హ్యామర్ పూర్తిగా వెనక్కి వచ్చి నిలబడితే ‘టిక్’. ముందు టక్, తర్వాత టిక్. వరస తిరగబడిందంటే గది గొట్టానికి ఎదురుగా రాలేదన్నమాట. అందుకే కొక్కేన్ని కావాలనే కాస్త పొడుగ్గా చేస్తారు. వింటూ అరగదీయాలి, అరగదీస్తూ వినాలి.

“వినిపించిందా?” అని అరిచాను.

“ఆఁ” అన్నారు.

ఏమీ వినిపించలేదు. నేను తలూపితే తానూ ఊపుదామని నా మొహమే చూస్తున్నారు. అలా ఊపుతూ ఆకురాయితో ఒక రుద్దు ఎక్కువ రుద్దారు. కొక్కెం కురచైపోయింది, టిక్ ముందొచ్చింది. రెండో కొక్కేనికీ అదే గతి.

“చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు” అని గొణుక్కున్నాను. అన్నందుకు నాకే సిగ్గేసింది.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆయన నడుము నొప్పితో వంగి, బల్లకున్న ఇనుప వైస్ మీద గడ్డం ఆనించారు. ఆ వైస్‌లోనే బిగించి ఉన్న రివాల్వర్ హ్యామర్‌ని నేను విసుగ్గా లాగాను. ఆయన ఉలిక్కిపడ్డారు.

“ఇంకోసారి లాగు.”

“ఏమైందండీ?”

“లాగవే. దవడలో కొట్టింది.”

లాగాను. ఆయన కళ్లు మూసుకున్నారు. “రెండు. ముందుది లావుగా, తర్వాతది సన్నంగా.”

నమ్మకం కుదరక, పాడైన కొక్కెం వేసి మళ్లీ లాగాను.

“ఇది తిరగబడింది” అన్నారు.

నా కళ్లు తడిశాయి. పొగ అని వంక పెట్టడానికి అది కొలిమి కూడా కాదు.

శనివారం వైస్‌కి దవడ ఆనించి పని చేస్తున్న ఆయన్ని చూసి మేస్త్రీ నోరు తెరిచాడు.

“ఏంటమ్మా, మీ ఆయన దాన్ని ముద్దాడుతున్నాడు?”

“మీరు చెవితో వింటారు, ఆయన దవడతో వింటారు. పని చూసి మాట్లాడండి.”

మేస్త్రీ ఒక్కో గదికీ గొట్టంలోంచి కొలత కడ్డీ దించాడు. ఆరు గదుల్లోకీ అంచు తగలకుండా దిగింది. కడ్డీ తుడుచుకుంటూ, “సోమవారం సొంత ఆకురాళ్లు తెచ్చుకోమను” అన్నాడు.

సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని గోళ్లలో ఇరుక్కున్న ఉక్కు పొడి తీసుకుంటూ, అలవాటుగా సణుగుతున్నాను. “ఇన్నేళ్లలో నా మాట ఒక్కటి చెవిన పడిందా ఈ మనిషికి...”

పై మెట్టు మీదున్న ఆయన ముందుకు వంగి నా నడినెత్తిన దవడ ఆనించారు.

“మళ్లీ అను” అన్నారు.

ఒక మంచి మాట కోసం వెతుక్కున్నాను. ఇన్నేళ్లూ సాధన చేసింది తిట్లే కదా. చివరికి, అరవకుండా, “భోంచేద్దామా?” అన్నాను.

“పద, తిందాం” అన్నారు, నా మొహం చూడకుండానే.