బండికి పడిన కన్ను

మా మరిది జశ్వంత్ బండి కొన్నాడు. కారు కాదు, చక్రాల మీద ఇల్లు. పెద్ద డీజిల్ వ్యాన్ తీసుకుని, వెనకాల మంచం, గ్యాస్ పొయ్యి, బుల్లి ఫ్రిజ్, సింకు, ఆఖరికి స్నానాల గది కూడా పెట్టించుకున్నాడు. మోటర్‌హోమ్ అంటారట. దానికి పసుపు పూల కర్టెన్లు మా తోడికోడలు హరిత దగ్గరుండి కుట్టించింది. ఆ కర్టెన్లు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. దాచడం ఎందుకు, కడుపు మండిపోయింది.

అసలు అలాంటి బండి కావాలని మొదట అన్నది నేను. కూకట్‌పల్లిలో మా ఇంట్లో, అందరం పెసరట్లు తింటూ ఉండగా అన్నాను. "ఎక్కడ బావుంటే అక్కడ ఆగి, కాఫీ పెట్టుకుని తాగుతూ ఊళ్ళు తిరిగితే ఎంత హాయిగా ఉంటుందండీ" అంటే మా ఆయన రవికిరణ్ పకపకా నవ్వి, "ముందు ఇంట్లో కాఫీ వేళకి ఇవ్వు" అన్నారు. జశ్వంత్ నవ్వలేదు. విన్నాడు. విని, తను కొనుక్కున్నాడు.

పోనీ హరిత చెడ్డదైనా బావుండేది, తిట్టుకోవడానికి సుఖంగా ఉండేది. నంద్యాల పిల్ల, మనసులో ఏమీ ఉంచుకోదు. "అక్కా, నువ్వు రాకుంటే నేనూ పోనక్కా" అని చెయ్యి పట్టుకుంటుంది. అలాంటి మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుసు.

గోపన్‌పల్లిలో వాళ్ళ అపార్ట్‌మెంట్ ముందు బండికి పూజ చేశారు. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు, హారతిచ్చారు. అప్పటిదాకా ఊరంతా గుర్రంలా తిరిగిన బండికి ఆ మర్నాటి నుంచి మాయరోగం పట్టుకుంది. బయలుదేరినప్పుడు బాగానే ఉంటుంది. కాస్త దూరం పోయాక నీరసపడుతుంది. ఎంత తొక్కినా లాగదు. ఆఖరికి ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుంది. ఓ పావుగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది.

"ఎవరి కన్ను పడిందో ఏవిటో" అన్నారు మా అత్తగారు పుణ్యవతి. నా వైపు చూడకుండా అన్నారు. చూడకుండా అనడంలోనే ఉంది విద్యంతా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "నన్నెందుకంటారండీ అత్తయ్యగారూ?" అనేశాను. అంతే, ఆ నింద ఇక నాదైపోయింది. మా ఆయన పేపర్లో మొహం పెట్టుకున్నారు.

నేను మాధాపూర్‌లో ఉద్యోగం చేస్తాను. లారీలకీ బస్సులకీ బిగించిన పరికరాలు పంపే సమాచారం చూడటం నా పని. ఏ ఇంజనుకి డీజిల్ ఎంత ఒత్తిడితో అందుతోంది, ఎక్కడ తగ్గింది, ఎందుకు తగ్గింది, రోజంతా అదే. ఇంట్లో దాన్ని "కంప్యూటర్లో ఏదో" అంటారు. కుళ్ళుకుంటే ఇంజన్లు ఆగవని నాకు తెలుసు. ఆగేవైతే ఈ గచ్చిబౌలిలో పొద్దున్న ఒక్క బండీ కదలదు. నాకు కావలసింది ఒక్కటే. ఆ బండి ఆగింది నా కన్ను వల్ల కాదని మా అత్తగారు తన నోటితో అనాలి.

హఫీజ్‌పేట్ మెకానిక్ తిరుపతి డీజిల్ ఫిల్టర్ మార్చాడు, పంపు చూశాడు. "నా షెడ్డు చుట్టు తిప్పితే అస్సలు ఆగుతలేదు సార్. జర దూరం తీస్కపోయి చూడుండ్రి. ఆగితె ఫోన్ చెయ్యుండ్రి, నేనే వస్త" అన్నాడు.

సరే, ఆదివారం వికారాబాద్ దాకా వెళ్ళి చూద్దామని జశ్వంత్, హరిత పొద్దున్నే కూకట్‌పల్లి వచ్చారు. అత్తగారు పులిహోర కలిపారు. నేను చీర మార్చుకుని వచ్చేసరికి మా ఆయన, "నీకు తలనొప్పి అన్నావుగా, ఉండిపోరాదూ" అన్నారు. నాకు తలనొప్పి లేదు, ఉందని అననూ లేదు. ఉక్రోషం వచ్చి అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నాను.

ఎక్కాక చూశాను కదా, లోపల ఒక్కో వస్తువూ నా గుండెల్లో గునపమే. కాఫీ కప్పులు దొర్లిపోకుండా చెక్కకి గుంటలు చెక్కించారు. నేను అనుకున్నది కూడా అచ్చం అలాగే.

ఇంజను లెక్కలు ఫోన్లో చూపించే చిన్న స్కానర్ బండికి తగిలించి, జశ్వంత్ ఆ ఫోన్ నా చేతికిచ్చాడు. "వదినా, నువ్వు ఇవి చూస్తావు కదా, ఏమైనా తెలుస్తుందేమో చూడు" అన్నాడు. ఆ ఇంట్లో నా ఉద్యోగం గుర్తున్నది వాడొక్కడికే. వాడి మీద కూడా సరిగ్గా కోపం తెచ్చుకోనివ్వరు కదా!

హైటెక్ సిటీ దాటాం. డీజిల్ ఒత్తిడి మెల్లమెల్లగా దిగుతోంది. బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి మూలగడం మొదలుపెట్టింది. వెనక కార్లవాళ్ళు హారన్లు. ఎలాగో పైకి పాకి, అవతల వైపు దొర్లి, సర్వీసు రోడ్డులో ఒక అద్దాల ఆఫీసు ముందు చెట్టు కింద ఆగిపోయింది. సంతోషించానా అంటే, ఒక్క క్షణం సంతోషించాను.

"చూశారా, ఈవేళా ఆగింది" అన్నారు అత్తగారు. ఈవేళ అంటే నేనెక్కిన వేళ.

"ఉండండత్తయ్యగారూ. పంపు పోతే ఒత్తిడి ఒక్కసారిగా పడుతుంది. ఇది మెల్లగా దిగింది, అంటే డీజిల్ రావడానికి ఏదో అడ్డం పడుతోంది. జశ్వంత్, ట్యాంకు మూత తియ్యి" అన్నాను.

మూత తిప్పగానే బుస్సుమంటూ గాలి లోపలికి దూసుకుపోయింది. "ఇప్పుడు స్టార్ట్ చెయ్యి." ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. హరిత చప్పట్లు కొట్టింది.

"ఏమైందక్కా? నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

"నూనె డబ్బాకి ఒక్క కన్నమే పెడితే నూనె సరిగ్గా రాదు. గాలి పోవడానికి రెండో కన్నం పెట్టాలి కదా? ఇదీ అంతే. డీజిల్ బయటికి పోతున్నకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. దానికో రబ్బరు గొట్టం ఉంటుంది. అది మూసుకుపోయింది. కిందికి దూరి చూస్తాను."

"వద్దు ఉమా!" అన్నారు మా ఆయన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత గాభరాగా నన్ను ఆపడం నేను చూడలేదు. "చీర పాడవుతుంది. తిరుపతి వస్తాడుగా."

నా చీర మీద ఇంత ప్రేమ ఎప్పటినుంచో! జశ్వంత్ ఇంజన్ ఆపాడు. నేను కాళ్ళు తుడుచుకునే పట్టా కింద పరిచి, ఫోన్ లైటు వేసుకుని బండి కిందికి జరిగాను. ట్యాంకు వెనక, గాలి గొట్టానికి, వేలాడుతోంది నల్లగుడ్డ మూట. లోపల పటిక, ఎండుమిరపకాయలు. జారిపోకూడదని కాబోలు, మెత్తటి గొట్టం నలిగి అతుక్కుపోయేలా బిగించి కట్టారు.

దిష్టి మూట. దిష్టి మూటైతే బండి ముందు కట్టుకుంటారు, పదిమందీ చూడాలని. ఇలా దొంగచాటుగా కింద కట్టారంటే, చూడకూడని మనిషి ఇంట్లోనే ఉందన్నమాట.

ఆ గుడ్డని ఎక్కడైనా గుర్తుపడతాను. మా ఆయన అయ్యప్ప మాల వేసుకున్నప్పటి నల్లపంచె. దీక్ష అన్నాళ్ళూ రోజూ తెల్లవారకముందే చన్నీళ్ళతో ఉతికి ఆరేసింది నేను.

మూట ఊడదీసి, గొట్టాన్ని వేళ్ళతో నులిమి సాఫు చేసి బయటికొచ్చాను. మూటని అందరి మధ్యా పెట్టాను. "ఇదెవరు కట్టినారు?" అంది హరిత, పాపం నిజంగా తెలియక.

మా అత్తగారు కొంగు సవరించుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "పోనీలే, బండి ఆగింది ఉమ కన్ను వల్ల కాదన్నమాట."

అన్నారు. ఏ మాట కోసం ఇన్నాళ్ళూ పళ్ళు నూరుకున్నానో, సరిగ్గా ఆ మాటే. అది చెవిన పడిందే కానీ లోపలికి దిగలేదు. ఆవిడ మోకాళ్ళతో బండి కిందికి దూరలేరు. దూరిన మనిషి ఎదురుగా చెప్పుల వైపు చూస్తూ నిలబడి ఉన్నారు.

"ఎవరి కన్నుకని కట్టారండీ?" అన్నాను.

"అమ్మ కట్టమంది..."

"కట్టమన్నదెవరని అడగలేదు. ఎవరి కన్నుకని కట్టారు?"

జశ్వంత్ అటు తిరిగి ట్యాంకు మూత బిగించాడు. హరితకి అప్పుడు అర్థమైంది. మొహం కందిపోయింది. "అక్కా, నువ్వు ముందు కూర్చో" అని నా చెయ్యి పట్టుకుంది, ఆ చేతికి మసి అంటుకుంటుందని కూడా చూడకుండా.

నేను మూట తీసి మా ఆయన చేతిలో పెట్టాను. "ఇది ముందు బంపరుకి కట్టండి. అందరికీ కనపడాలి."

"వదిలెయ్ ఉమా. తప్పయిపోయింది."

"తప్పేముంది? నేను కుళ్ళుకోలేదని ఎవరన్నారు? ఈ కర్టెన్ల మీద, ఆ కప్పుల మీద, ఈ పిల్ల మీద ఏడుస్తూనే ఉన్నాను. అది మీకు తెలిసింది కదా. నాకీ బండి కావాలని కూడా తెలిసే ఉంటుంది. దానికేం కట్టారు?"

ముందు సీట్లో కూర్చున్నాను. జశ్వంత్ ఇంజన్ స్టార్ట్ చేశాడు, నిండుగా పలికింది. అద్దంలోంచి చూస్తే మా ఆయన బంపరు దగ్గర వంగి ముడి వేస్తున్నారు. వేసిన ముడి జారిపోతోంది. కిటికీ దించాను.

"గట్టిగా వెయ్యండి. ఆ కన్ను గలావిడ ముందు సీట్లోనే కూర్చుంది."