ఉన్ని స్వెటర్ కింది చప్పుడు

పొటోసీ అనే కొండపట్నంలోని ఒక గనికార్మికుల ఆస్పత్రిలో, ఊపిరితిత్తుల చప్పుడును మైకుతో పట్టి జబ్బును గుర్తించే పద్ధతిని ఇంజనీరు నీల్డా కంప్యూటరుకు నేర్పుతోంది. పొద్దుటినుంచీ అది ఎవరి ఛాతీ విన్నా ‘చిటపట’ అనే రాస్తోంది, అంటే గనిదుమ్ముకు పాడైన ఊపిరితిత్తుల చప్పుడని. చలికి ఎవరూ స్వెటర్ విప్పడంలేదు. ఆ ఉన్నే మైకుకు రాసుకుంటోంది.

“విప్పండి దోన్ సతుర్నీనో, మీకు దణ్ణం పెడతా.”

“గదిలో గడ్డకట్టుకుపోతున్నాం. నువ్వు విప్పుతావా?” అన్నాడు ఆ ముసలి గనికార్మికుడు.

విసుక్కుంటూ గ్యాస్ హీటరు వెలిగించింది. ఆయన విప్పాడు. ఈసారి కంప్యూటరు ‘పిల్లికూతలు’ అంది. తీరా చూస్తే అది హీటరు బుస!

“దీని మొహం మండా!” అంటూ హీటరు ఆర్పేసింది. ఆయన వణుకు ఆపుకొని ఊపిరి పీల్చాడు. మళ్లీ ‘చిటపట’. బయటి చప్పుళ్లన్నీ వడగట్టి చూసింది. అయినా పోలేదు. పీల్చిన ప్రతిసారీ ఊపిరి చివర్లో అదే వినిపిస్తోంది.

“ఇంకా ఏం విప్పమంటావమ్మా?”

“ఏమీ వద్దు.”

యంత్రం సరిగ్గా చెప్పడం ఆ రోజుకి అదే మొదలు. నీల్డాకు మాత్రం దాన్ని కిటికీలోంచి విసిరేయాలనిపించింది. తనే ఆయనకు స్వెటర్ తొడిగి, “పదండి, డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తాను,” అంది.