శుక్రవారం గాలి

గ్రామసభలో మా అక్క రిబ్కా లేచి మూడు మాటలు మాట్లాడింది. నాలుగో మాటకు దగ్గు అడ్డం వచ్చింది. ఆమె దగ్గు తగ్గేదాకా సర్పంచ్ ఆగలేదు. కాగితం తీసి చదివాడు: పంచాయతీ హద్దులో గాలి శుభ్రంగా ఉంది. కింద సంతకం ఇమ్మానుయేల్‌ది. ఆ ఇమ్మానుయేల్‌ని నేనే.

మహారాష్ట్రలోని భివండి అంచున ఉన్న మా పంచాయతీలో మగ్గాల షెడ్ల నడుమ నాలుగు సైజింగ్ కార్ఖానాలున్నాయి. అక్కడ నూలుకు గంజి పట్టిస్తారు. బొగ్గు ఖరీదని బాయిలర్లలో ప్లాస్టిక్ చెత్త, గుడ్డ పీలికలు కాలుస్తారు. ఆ పొగంతా మా గల్లీలోకే దిగుతుంది. గాలి బాగుందని కాగితం పంపితేనే పంచాయతీకి పైనుంచి పర్యావరణ నిధి వస్తుంది. అందుకని ఆఫీసు డాబా మీద గాలిని కొలిచే మిషన్ పెట్టి, నన్ను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. వారానికి ఒక్క రోజు నడిపితే చాలన్నారు. ఏ రోజో కూడా వాళ్లే చెప్పారు.

బాయిలర్ ముందు ముప్పై ఏళ్లు నిలబడిన భూమయ్య కాక నా వైపు తిరిగాడు. "ఏ దినం పెడ్తవ్ రా మిషన్?"

నేను తల వంచుకున్నాను.

"చెప్పు తమ్మీ," అంది అక్క.

"శుక్రవారం."

భివండిలో మగ్గాలకూ బాయిలర్లకూ సెలవు శుక్రవారమే. అది ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

"గందుకేనా?" అంది అక్క మెల్లగా. "నేను ప్రార్థన అనుకున్న."

శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన జరుగుతుంది. ఆ ఒక్క రోజే అక్కకు ఊపిరి సాఫీగా ఆడేది. దేవుడు విన్నాడని అందరి ముందు సాక్ష్యం చెప్పేది. వెనక కూర్చుని నేను ఆమెన్ అనేవాణ్ణి. బాయిలర్లు ఆరి ఉన్నాయని తెలిసే అన్నాను. రెండేళ్లు అన్నాను. ఇవాళ నా మాట వింటున్న కార్మికులారా, విద్యార్థులారా, నన్ను జైలుకెళ్లొచ్చిన వాడని మెచ్చుకునే ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అంకె పెరిగితే నిధి వెనక్కి పోతుందని, మీ గల్లీ మురుగు మోరీలు ఎవరు కట్టిస్తారని సర్పంచ్ హిందీలో కేకలేశాడు.

కండెలు చుట్టే సుశీలాబాయి లేచింది. "మొన్నటి ఫండ్‌తోని ఆఫీస్ ముంగట నీళ్లు చిమ్మే ఫౌవారా కట్టిండ్రు. దాన్ని చూస్తే దగ్గు, దమ్ము తగ్గుతదా?"

"బాయిలర్ బంద్ అయితే మగ్గం బంద్," అన్నాడు మగ్గం నడిపే రితేష్. "పొట్టకేం తినాలె?"

"బంద్ పెట్టుమంటలేం," అన్నాడు భూమయ్య. "బొగ్గు ఎయ్యిమంటున్నం. కార్ఖానా సేఠ్‌కు గింత ఫాయిదా తగ్గుతది, గంతే. అప్పుడు అంకె నిజంగనే దిగుతది. ఆ ఫండ్ వస్తే పొగగొట్టాలకు మసి ఆపే జాలీలు పెట్టాలె."

చివరికి అందరితో పాటు రితేష్ కూడా చెయ్యెత్తాడు. బాయిలర్లు మండే మంగళవారం మిషన్ నడపాలని సభ తీర్మానించింది. సర్పంచ్ ఆ తీర్మానం రాసుకోకుండానే వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున డాబా తాళం తీశాను. నాలుగు గొట్టాలూ పొగ కక్కుతున్నాయి. మిషన్ మీద అంకె శుక్రవారానికి ఆరు రెట్లు లేచింది. హుకుం లేకుండా సర్కారు మిషన్ ముట్టానని మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. నన్ను పట్టుకుపోనివ్వకుండా మెట్లనిండా మా గల్లీ ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్ల మీద లాఠీ లేవబోవడం చూసి నేనే లేచి పోలీసుల వైపు నడిచాను.

"మిషన్ కాడ నేను కూసుంట, నువ్వు పో," అంది అక్క.

"నన్ను మాఫ్ చేసినవా అక్కా?"

"గది తర్వాత చూద్దాం. అంకె ఏడ రాస్తరో చూపిచ్చి పో."

రిజిస్టర్ చూపించాను. జీపు ఎక్కేదాకా ఆమె దగ్గు వినిపిస్తూనే ఉంది.

శనివారం బెయిలు దొరికింది. నేరుగా డాబా ఎక్కాను. మిషన్ నడుస్తోంది. రిజిస్టర్‌లో బుధవారం, గురువారం, శుక్రవారం, ఏ రోజుకారోజు అంకె ఉంది. ఎన్నడూ కలం పట్టని చేతులు వంకరటింకరగా దించిన అంకెలు. నా సంతకం ఉండే చోట ముప్పై నలభై వేలిముద్రలు ఉన్నాయి.

శనివారం అంకె కింద నేను పెన్ను పెట్టబోయాను. అక్క ఆ పెన్ను లాక్కుని సిరా డబ్బా ముందుకు తోసింది.

"నీ సంతకం వద్దు తమ్మీ. అందరి లెక్కనే ఏలు ఎయ్యి."

నేను వేలు ముంచాను. నా వెనక మెట్ల మీద రితేష్, ఇంకా కొందరు మగ్గం పనివాళ్లు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.