చెవుల మేస్త్రి పళ్ళు

మా మామయ్య మాట్లాడకుండా ఉన్నారంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. తింటున్నా, చెప్పులు తొడుక్కుంటున్నా, స్నానాల గదిలో నెత్తిన నీళ్ళు పోసుకుంటున్నా ఆయన నోరు ఆడుతూనే ఉండాలి. అలాంటి మనిషి ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరినీ పలకరించకుండా గదిలోకి పోయి తలుపేసుకున్నారు.

"ఏమైందే ఈయనకి? నువ్వేమన్నా అన్నావా?" అంది అత్తయ్య.

చూశారా! ఈ ఇంట్లో పిల్లి తుమ్మినా ముందు కోడలినైన నా వైపే చూస్తారు. నేను పొద్దుటి నుంచీ ఆయన మొహమైనా చూడలేదు. మేమిద్దరం పనిచేసేది ఒకే షిప్‌యార్డులో, ఒకే యుద్ధనౌకలో. అయినా ఆయన ఇంజన్ల గదిలో మేస్త్రి, నేను గోడల లైనింగు పనిలో. ఆ ఓడలో దారి తప్పితే అన్నం వేళకి కూడా బయటపడలేరు, ఇక ఒకరికొకరు కనబడటం ఎక్కడ!

తలుపు తట్టాను, పలకలేదు. తోసుకుని వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నారు. బుగ్గలు లోపలికి పోయి, పదేళ్ళు పెద్దవారైనట్టు కనిపించారు.

"మామయ్యా, కట్టుడు పళ్ళేవి?"

"పోయాయి."

"ఎక్కడ?"

"తెలిస్తే పోయాయని ఎందుకంటానమ్మాయ్?"

నాకు నవ్వొచ్చింది గానీ ఆయన కళ్ళు చూసి ఆపుకున్నాను. ఎందుకంటే ఆ పళ్ళతో ఆయనకి పెద్ద పనే ఉంది. మా యార్డులో ఒక ఆనవాయితీ. ఓడని నౌకాదళానికి అప్పజెప్పే రోజు, దాన్ని కట్టిన వాళ్ళలో అందరికంటే పాత మనిషి ఓడెక్కే మెట్లలో పైమెట్టు మీద నిలబడి, కింద రేవులో ఉన్న కెప్టెన్‌కి వినబడేలా "ఓడ తయారు! ఇక మీది!" అని అరవాలి. కెప్టెన్ "తీసుకున్నాం!" అనాలి. అప్పుడే యార్డు జెండా దిగుతుంది, వాళ్ళ జెండా ఎక్కుతుంది. ఆ తర్వాత మేమెవరమైనా ఓడెక్కాలంటే వాళ్ళ అనుమతి అడగాల్సిందే.

ఈసారి ఆ వంతు మామయ్యది. ఆ వెంటనే రిటైరవుతారు కాబట్టి మళ్ళీ రాదు. అద్దం ముందు, మెట్ల మీద, మేడ మీద అరిచి అరిచి పక్కింటి వాళ్ళకి కూడా ఆ ముక్క నోటికొచ్చేసింది. ఈ ఓడ గనక ఆలస్యమైతే ఆయన అప్పటికే రిటైరైపోతారు, అరిచేది రంగుల మేస్త్రి. వాడి పేరెత్తితేనే మామయ్యకి ఒళ్ళు మండుతుంది.

"కొత్త పళ్ళు కట్టిద్దాం," అన్నాను.

"అడిగాను. ఆ రోజుకి కావట." తువ్వాలు మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "ఈ బోసి నోటితో అరిస్తే రేవులో కాకులు కూడా నవ్వుతాయి. ఎవరికీ చెప్పకు."

అత్తయ్యకి చెప్పక తప్పలేదు. ఆవిడ విని, "పాపం," అంది. పమిట సర్దుకుంటూ, "ఇల్లు మాత్రం హాయిగా ఉంది. నెమ్మదిగా వెతకండి," అంది.

ఇక ఓడ సంగతి. యుద్ధనౌక అనగానే ఢాం ఢాం అని ఫిరంగులు గుర్తొస్తాయి కదా. ఇప్పటి ఓడల గొప్పంతా చప్పుడు చెయ్యకపోవడంలో ఉంది. నీళ్ళ కింద పొంచి ఉన్నవాడికి వినబడకూడదు. అందుకే ఇంజన్లని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు. ఇనుప గోడలకి మేము మందంగా మెత్తలు పరిచి, పైన రేకులు బిగిస్తాం. నేను బిగించిన గోడని ఇంతవరకూ ఎవడూ విప్పమనలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. సరే, గొప్ప కోసమే చెబుతున్నాను.

మామయ్యని యార్డంతా చెవుల మేస్త్రి అంటారు. పొడుగాటి ఇనుప కడ్డీ ఒక కొస యంత్రానికి ఆనించి, రెండో కొస పళ్ళతో కరిచి పట్టుకుంటారు. యంత్రం ఎలా నడుస్తోందో ఎముకల్లోంచి తలలోకి వచ్చేస్తుందట. సొంత పళ్ళు ఊడాక కట్టుడు పళ్ళు తీసేసి చిగుళ్ళతో కరుస్తున్నారు. కట్టుడు పళ్ళు అబద్ధాలు చెబుతాయట! ఇప్పుడు ఆ పనికి మీటర్లొచ్చాయి. అవి ఈయనకంటే బాగా వింటాయి కూడా. ఆ మాట ఆయన మొహాన అనే మగాడు మాత్రం యార్డులో ఇంకా పుట్టలేదు.

పళ్ళు పోయిన వారానికి ఓడని చప్పుడు పరీక్షకి సముద్రంలోకి తీసుకెళ్ళారు. నీళ్ళలోకి మైకులు దించి విన్నారు. తిరిగొచ్చాక మా అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఆ పరీక్ష చేసిన ఇంజనీరమ్మ రికార్డింగు వినిపించింది. ఇంజన్ల హోరు సన్నగా ఉంది. వేగం పెరిగింది. అంతే, టక. టకటక. టకటకటక.

"ఇంజన్ల గదిలో ఎడమ గోడ దగ్గర ఏదో కొట్టుకుంటోంది," అంది ఇంజనీరమ్మ.

"అది పోయేదాకా ఓడని తీసుకోరు," అన్నాడు మేనేజరు, మా అందరి మీదా నిప్పులు చెరుగుతూ. "తేదీ వాయిదా పడిందంటే ఒక్కొక్కరి సంగతి చెబుతా!"

ఆ చప్పుడు నాకు తెలుసు. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ భోజనాల బల్ల దగ్గర రోజూ వింటున్నాను. కూరలో ఉప్పు తక్కువైనప్పుడు మామయ్య నోట్లోంచి వచ్చే చప్పుడే అది! ఆయన వైపు చూశాను. తువ్వాలు అడ్డం పెట్టుకుని పైకప్పు చూస్తున్నారు.

చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. "ఆ గోడ దగ్గర కడ్డీ కరిచారా లేదా?"

నీళ్ళు నమిలారు. దానికి పళ్ళక్కర్లేదుగా.

"పంపు వినాలని పళ్ళు తీసి గోడలో ఇనుప పట్టీ మీద పెట్టాను. ఇంతలో మేనేజరు పిలిచాడు. తిరిగొచ్చేసరికి ఎవరో మహాతల్లి గోడ మూసేసింది."

"ఆ మహాతల్లిని నేనే!"

"తెలుసు."

"తెలిసి చెప్పలేదా? వారం రోజులు తువ్వాలు కప్పుకుని తిరిగారా? బుద్ధుందా మీకు?" అనేశాను. మామగారిని అనాల్సిన మాట కాదు, కానీ అనేశాను.

ఆయన నేల చూపులు చూస్తూ, "నీ గోడ ఎవరూ విప్పించలేదని అందరికీ చెప్పుకుంటావు కదమ్మా. నా పళ్ళ కోసం విప్పమని ఎలా అడగను? అవి ఓడని అల్లరి చేస్తాయనుకోలేదు," అన్నారు.

కోపం ఎటు పోయిందో పోయింది. ఈ మనిషి జీవితమంతా ఎదురుచూసిన అరుపుని నా గోడ కోసం వదులుకోబోయారు! ఏడవాలో తిట్టాలో తెలియక, "నడవండి," అన్నాను.

నా గోడ నేనే విప్పాను. మేనేజరు, ఇంజనీరమ్మ వెనకాల నిలబడ్డారు. కొత్త ఓడ కెప్టెన్ కూడా వచ్చింది. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. మెత్తలు పక్కకి తీసేసరికి, పట్టీ మీద మామయ్య పళ్ళు మమ్మల్ని చూసి ఇకిలిస్తున్నాయి. గబుక్కున గుప్పిట్లో దాచేశాను.

"ఏంటది?" అన్నాడు మేనేజరు.

"ఏదో వదులు సామానండీ."

"చూపించు," అంది కెప్టెన్.

గుప్పిట విప్పలేదు. వెనక నుంచి మామయ్య ముందుకొచ్చి, తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. "నావి," అన్నారు, బోసి నోటితో, అందరికీ వినబడేలా.

ఇంజనీరమ్మ గోడ వైపు తిరిగి భుజాలు కుదుపుకుంటూ నవ్వింది. మేనేజరు పళ్ళు కొరికాడు. ఉన్నవాడు కాబట్టి కొరికాడు. "ఇలాంటి మనిషి ఆ రోజు మెట్టెక్కడానికి వీల్లేదు. రంగుల మేస్త్రి అరుస్తాడు."

"అరిచాడంటే ఈ గోడ నేను మళ్ళీ మూయను!" అని నేను నోరు పారేసుకున్నాను.

కెప్టెన్ నా చేతిలోవి చూసింది. "ఓడకి కోరలుండాలని మేమే అడిగాం. ఇవి కాదనుకోండి." తర్వాత మేనేజరుతో, "మళ్ళీ నడిపి చూద్దాం. చప్పుడు లేకపోతే ఈయనే అరుస్తాడు," అంది.

గోడ మూశాను. ఓడ మళ్ళీ సముద్రంలోకి వెళ్ళింది. అది తిరిగొచ్చేదాకా మామయ్య పళ్ళుండి కూడా తిండి ముట్టలేదు. ఇంజనీరమ్మ రికార్డింగు పెట్టింది. ఓడ ఎంత పరుగెత్తినా టక్ అన్న మాట లేదు.

అప్పజెప్పే రోజు రేవంతా జనం. బ్యాండు, తెల్ల బట్టల్లో నావికుల వరసలు. మామయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పైమెట్టు మీద నిలబడ్డారు, చేతిలో ఆ ఇనుప కడ్డీ. అది వద్దని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. తువ్వాలు పట్టుకోవడానికి పక్కన నన్ను ఉంచుకున్నారు. బ్యాండు ఆగింది. అందరూ ఆయన అరుపు కోసం తలెత్తి చూస్తున్నారు.

ఆయన అరవలేదు. నా వైపు తిరిగి, "వినకుండా ఎలా ఇచ్చేదమ్మాయ్?" అని, అంత జనంలో పళ్ళు ఊడదీసి నా చేతిలో పెట్టారు. కడ్డీ ఒక కొస, ఇంజన్లు నడుస్తున్న ఓడకి ఆనించి, రెండోది కరిచి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కింద మేనేజరు మొహం చేతుల్లో దాచుకున్నాడు.

చాలాసేపు విన్నారు. కళ్ళు తెరిచేసరికి నిండుగా నీళ్ళు.

"ఏమీ వినబడటం లేదమ్మాయ్," అన్నారు నెమ్మదిగా.

మేమంతా కష్టపడింది ఆ మాట కోసమే. అయినా అది విని నా గుండె కలుక్కుమంది.

కడ్డీని ఓడ అంచు రెయిలింగుకి ఆనించి, ముందుకి ఒక అడుగు వేశారు. "మామయ్యా, పళ్ళు!" అని చెయ్యి చాపాను. నా వైపు చూడనే లేదు. గుండెల నిండా గాలి పీల్చి అరిచారు. సగం అక్షరాలు గాలికే పోయాయి. కానీ రేవులో ఒక్కరు కూడా నవ్వలేదు. రంగుల మేస్త్రి టోపీ తీశాడు.

"తీసుకున్నాం!" అని కెప్టెన్ సెల్యూట్ చేసింది. మా జెండా దిగింది, వాళ్ళది ఎక్కింది. నేను ఆ పళ్ళు పట్టుకునే భోరుమని ఏడ్చాను.

కిందికి దిగాక పళ్ళు ఇచ్చాను, పెట్టుకున్నారు. అప్పుడు కడ్డీ గుర్తొచ్చి, అలవాటు కొద్దీ గబగబా వెనక్కి మెట్లెక్కబోయారు. మెట్ల దగ్గరి నావికుడు చెయ్యి అడ్డం పెట్టాడు. "అనుమతి కావాలండీ."

మామయ్య ఒక కాలు మెట్టు మీద పెట్టి అలాగే ఆగిపోయారు.

"ఏం కావాలో చెప్పండి, తెచ్చిస్తాను," అన్నాడు వాడు.

"వద్దులే బాబూ. అక్కడే ఉండనీ." కాలు వెనక్కి తీసుకున్నారు. "కదలకుండా గట్టిగా కట్టేయండి, లేకపోతే చప్పుడు చేస్తుంది."

దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి నేరుగా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

అత్తయ్య కంగారుగా వచ్చింది. "మళ్ళీ పళ్ళు పోయాయా?"

"లేదత్తయ్యా, నోట్లోనే ఉన్నాయి."

"మరి నువ్వేమన్నా అన్నావా?"

ఈసారి నాకు కోపం రాలేదు. "నేనేమీ అనలేదత్తయ్యా. ఓడ ఇచ్చేసి వచ్చాం," అన్నాను.