నాలుగో పొగగొట్టం

సూర్యాపేటలో టీచర్ల ప్రదర్శనకు వచ్చినవాళ్లంతా పుష్పాబాయి చేసిన ఓడ చుట్టూ మూగారు. పక్కనే గోడకున్న కవిత చార్టు వైపు తల తిప్పినవాళ్లు లేరు. కవిత కళ్లల్లో నిప్పులు పోసుకుంది.

కవిత మిర్యాలగూడలో సోషల్ టీచరు, పుష్ప కోదాడలో. బీఈడీలో ఒకే టిఫిన్ డబ్బా పంచుకున్నవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం పాఠానికని ఇద్దరూ కలిసి బ్రిటిష్‌వాళ్ల పాత డిస్ట్రాయర్ ఒకదాన్ని ఎంచుకున్నారు. చరిత్ర కవిత రాయాలి, నమూనా పుష్ప చేయాలి. ఆ యుద్ధనౌక ఎప్పుడు నీళ్లలోకి దిగిందో, ఎన్ని సరుకు ఓడలకు కాపలా వెళ్లిందో, పాత ఇనుము కింద ఎప్పుడు అమ్ముడుపోయిందో కవిత మూడు నెలలు కూర్చుని తవ్వి తీసింది. పుష్ప ఏం చేసిందట? నూనె డబ్బాల రేకు కత్తిరించి రంగేసింది. జనమంతా దానితోనే సెల్ఫీలు!

అయితే ఆ రేకు ఓడలో ఒక తప్పుంది. 1916లో అసలు ఓడ పొగమంచులో ఇంకో ఓడను గుద్దాక, మరమ్మతులో దాని నాలుగు పొగగొట్టాల్లో ఒకటి తీసేశారు. పుష్పేమో ఓడ మీద '1918' అని రాసి, నాలుగు గొట్టాలూ నిలబెట్టింది. వారం కింద ఫొటో పంపి, అంతా సరిగ్గా ఉందా అని అడిగినప్పుడే కవిత కనిపెట్టింది. బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంది. బహుమతి పోతే ఇద్దరికీ పోతుంది. పోనీ, పుష్ప నలుగురిలో తల దించుకుంటే చాలు అనుకుంది.

జడ్జి వచ్చి ఓడ చరిత్ర చెప్పమన్నాడు. పుష్ప కవిత చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"నాదేముంది సార్, రేకు పని. దీనికి ప్రాణం పోసింది మా కవితే."

కవిత చార్టు చదవసాగింది. యుద్ధమంతా తిరిగినా ఈ ఓడ శత్రువుల ఓడనొక్కదాన్నీ ముంచలేదు. గుద్దింది మాత్రం తన పక్కన పోతున్న తోటి ఓడనే. తాను రాసిన మాటే తనకు తగిలింది. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

తప్పు ఏ ఓడదని జడ్జి అడిగాడు.

"దీనిదే సార్," అంది కవిత. "ఇంకోటి. 1918 నాటికి దీనికి మూడే గొట్టాలుండాలె. నాకు వారం కిందనే తెలుసు. పుష్పకు కావాలనే చెప్పలే."

బహుమతి వేరెవరికో వెళ్లింది. సామాను సర్దుకునేటప్పుడు పుష్ప నాలుగో గొట్టాన్ని మెలితిప్పి ఊడదీసి, కవిత చేతిలో పెట్టింది.

"అప్పుడే చెప్పుంటే రెండు నిమిషాల పని గదనే," అని కోదాడ బస్సెక్కింది.