కాశి మేస్త్రి కిడ్నీ

అంబుజానికి ఒళ్ళు మండిపోయింది. గుడియాత్తం నుంచి వేలూరుకు ఎన్ని తిప్పలు పడి వచ్చారు! తీరా ఆపరేషన్ రేపనగా మొగుడు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని అడ్డం తిరిగాడు.

కాశి పేరున్న మేస్త్రి. అతని కుడి కిడ్నీలో గడ్డ పుట్టింది. ఎడమది ఎప్పుడో ముడుచుకుపోయి, ఉన్నా లేనట్టేనని స్కానింగులో తేలింది. అందుకని గడ్డను, దాని చుట్టూ కొంచెం మేర మాత్రం కోసి తీసి, మిగతాది కాపాడతామంది డాక్టరమ్మ. ఈ మహానుభావుడు వింటేనా!

"చెమ్మెక్కిన గోడని పైపైన చెక్కి పూత పూస్తే నిలుస్తాదా తల్లీ? పునాది దాకా కొట్టి పారెయ్యాల. మొత్తం తీసెయ్యండి," అన్నాడు, కూలివాళ్ళకు పని పురమాయించినట్టు.

మొత్తం తీస్తే బతికినన్నాళ్ళూ డయాలిసిస్ మిషనే గతి అనీ, ఆ ఒంటితో ఎన్నాళ్ళు తట్టుకుంటాడో చెప్పలేననీ ఆమె తమిళంలో ఓపిగ్గా చెప్పింది. కాశి తలాడించాడు. ఆడించి, "మొత్తం తీసెయ్యండి," అన్నాడు మళ్ళీ. సాయంత్రంలోగా తేల్చుకోండని ఆమె వెళ్ళిపోయింది.

"పిచ్చి పట్టిందా ఏమయ్యా నీకు? ఇదేమన్నా నీ సెంట్రింగు పనా? నీ మొండితనంతో వేగలేక చస్తా ఉండా. ఒక్కనాడన్నా ఇంకొకరి మాట విన్నావా?"

"మాయన్న విన్నాడు కదే," అన్నాడు కాశి.

ఆ అన్న సంగతి అంబుజానికి తెలియంది కాదు. రంగరాజులు బావకు కడుపులో గడ్డ కొంచెమే కోశారు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కోశారు. ఆ తర్వాత ఇంకోసారి రమ్మంటే, ఆటో ఎక్కనని గుమ్మం పట్టుకుని ఏడ్చాడు. ఆ వేళ్ళు విడిపించింది కాశే.

"ఆయప్ప మాదిరి ఏడవలేనే. నాకు భయంగా ఉండాది."

ఆ మాట అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు. కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

"భయమైతే భయమని చెప్పాల! గోడలు, పునాదులని డాక్టరమ్మకి కథలు చెప్తావా? మళ్ళీ వస్తే మళ్ళీ వస్తాం. ఈ బెంచీ మీద మళ్ళీ కూర్చుంటా. నువ్వు లేని ఇంట్లో కూర్చునేదానికంటే ఇదే మేలు. ఏడుపొస్తే ఏడువు, నేనూ ఏడుస్తా. ఎవురొద్దన్నారు?"

కాశి బాసింపట్టు విప్పి కాళ్ళు కిందికి దించాడు. "పోయి పిలువు ఆ యమ్మని. కొంచెమే కొయ్యమను," అన్నాడు చివరికి.

అంబుజం లేచింది. అడుగు పడనిస్తేనా!

"కొంగు వదిలితే కదయ్యా నేను పొయ్యేది!"