మౌలాలి దవడ

గ్రీష్మాంతమున నగ్నికణముల వెదచల్లుచు నస్తాద్రికి వ్రాలుచున్న ప్రచండభానుని యరుణకిరణములు నగరమందలి దంతవైద్యశాల గవాక్షములను రక్తలిప్తములుగా జేయుచుండ, పల్నాటి కల్యాణమంటపములను దన నాదస్వరగానమున బులకింపజేయు నవయువకుడు మౌలాలి యుబ్బిన క్రిందిదవడను కండువాతో గప్పుకొని రోగుల బల్లపై గూరుచుండియుండెను.

ఆ దవడయెముకలో బెరిగినది ప్రాణాంతకమగు పుట్టకుఱుపు గాదు, మహాకణములతో నిండిన గడ్డ. అందుండి తీసిన తునుకకు రంగులద్ది సూక్ష్మదర్శినిలో బరీక్షించిన వైద్యురాలు సుభాషిణి, యా కణములు స్టిరాయిడు మందును బట్టుకొను గ్రాహకములతో గిక్కిఱిసియుండుట గాంచి యానందభరితయై ప్రధానశస్త్రవైద్యుడగు త్రివిక్రమరావుకడకు వచ్చెను.

"అయ్యా, ఈ గడ్డ మందునకు లొంగునది. కొన్ని మాసములు గడ్డలోనికే సూదిమందెక్కించి చూతము. ఎముక నిలుచును."

పరరాష్ట్రములనుండి విచ్చేయు వైద్యులయెదుట మఱునాడు తన హస్తలాఘవమును బ్రదర్శింప సర్వమును సిద్ధపఱచుకొనియున్న యా గర్వోన్నతుడు చిఱునవ్వు నవ్వి, "రంగులు చూచి కత్తి విడుతునా? నీ యుద్యోగము నీవు చూచుకొనుమమ్మా" యనెను.

మౌలాలి యీ మాటలు వినలేదు. త్రివిక్రమరావు తనకడకు రాగా జేతులు జోడించి, "అయ్యా, ఈ నోరే నాకు కూడు పెట్టునది. మందుతో తగ్గు దారి లేదా?" యని యడిగెను.

"లేదోయి. కోయకున్న ముఖమంతయు దినివేయును."

వెనుక నిలిచిన సుభాషిణి తలవంచుకొనెను. అది చూచి, తనపై జాలిపడుచున్నదని తలంచి మౌలాలి యామెకు నమస్కరించెను.

మఱునాడు సగము దవడ పోయెను. కరతాళధ్వనులు మ్రోగెను. గాయము మానినపిదప నతడు నాదస్వరమును బెదవుల కానింపగా నూపిరి ప్రక్కకు జాఱెను, చొల్లు కారెను, స్వరము పలుకలేదు. పెండ్లివారు వేఱొకని బిలుచుకొనిరి.

ఏడాది తిరిగినపిదప పరీక్షకై వచ్చిన యతనిప్రక్కన త్రివిక్రమరావు మేనకోడలు మంజీర కూర్చుండి యతని గడ్డకథ నడిగి తెలిసికొనెను.

"అన్నా, నాకును దవడలో అట్టి గడ్డయే. మామయ్య కోయవలదని సూదులే వేయించెను. కరిగిపోయినది, చూడుము" అని యా ముగ్ధ చెంప త్రిప్పి చూపెను.

మౌలాలి లేచి సుభాషిణికడకు బోయి తడబడు మాటలతో, "అమ్మా, ఆ సూది నాకును పనిచేసియుండెడిదా?" యనెను.

"ఆ మాట నాడే వారితో చెప్పితిని, నాయనా. నీతో చెప్పలేదు."

అంతలో శిష్యబృందపరివృతుడై త్రివిక్రమరావు ప్రవేశించి మౌలాలి భుజము తట్టి, "నా కోతలన్నింట శ్రేష్ఠమైనది యిది. నోరు తెఱువుమోయి" యనెను.

మౌలాలి నోరు తెఱచెను. శిష్యుల లేతముఖములు వంగి వంగి చూచి కుట్టు సొగసును మెచ్చుకొనెను.